హౌస్ సిట్టర్ల భద్రత, గోప్యత: ఆన్‌లైన్ వేదికల కాలంలో సాధనాలు, పద్ధతులు

ఇంటివాళ్లు ఊళ్లో లేనప్పుడు వాళ్ల ఇంట్లోనే ఉండి, ఇంటినీ పెంపుడు జంతువులనూ మొక్కలనూ చూసుకునే పనిని హౌస్ సిట్టింగ్ అనీ, ఆ పని చేసేవారిని హౌస్ సిట్టర్ అనీ అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాల్లో ఇది బాగా వాడుకలో ఉంది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో డబ్బు ప్రసక్తి ఉండదు. ఇల్లు చూసిపెట్టినందుకు ఉచితంగా బస దొరుకుతుంది. రెండోదాంట్లో రోజుకు ఇంత అని ముట్టజెబుతారు. యజమానినీ సిట్టర్‌నూ కలిపేవి ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్ వేదికలే.

సిట్టర్ హోటల్‌లో దిగిన అతిథి కాదు, అద్దెకున్నవారు కాదు, చాలాసార్లు ఉద్యోగి కూడా కాదు. అందువల్ల ఈ ముగ్గురికీ చట్టం ఇచ్చే రక్షణల్లో ఏదీ సిట్టర్‌కు పూర్తిగా అందదు. ముక్కూమొహం తెలియనివారి ఇంట్లో రోజుల తరబడి, తరచూ ఒంటరిగా ఉండాలి. ఆ ఇంటి కెమెరాలు, తాళాలు, వైఫై మాత్రం ఎక్కడో దూరాన ఉన్న యజమాని ఫోన్ నుంచి నడుస్తుంటాయి. ఇల్లు కాపలా కాసే మనిషి మీదే ఆ ఇల్లు కాపలా కాయగలదన్నమాట. కాబట్టి ఈ రంగంలోని సాధనాలన్నిటినీ ఒకే కొలమానంతో చూడాలి: ఎవరు, ఏం, ఎప్పటివరకు చూడగలరన్నది తాళంచెవి చేతికి రాకముందే తేలిందా లేదా?

నేపథ్యం

వేదికలు రాకముందు ఈ పని బంధువులు, స్నేహితులు, ఇరుగుపొరుగువారి మధ్య మాటమీద జరిగేది. అమెరికాలో 1983 నుంచి వెలువడుతున్న 'కేర్‌టేకర్ గెజెట్' అనే పత్రిక ఇలాంటి అవకాశాలను ప్రకటనలుగా వేసింది. 2000లో ఆస్ట్రేలియాలో హౌస్‌కేరర్స్, 2005లో మైండ్‌మైహౌస్, 2010లో బ్రిటన్‌లో ఆండీ పెక్ స్థాపించిన ట్రస్టెడ్‌హౌస్‌సిటర్స్ ఈ పనిని ఇంటర్నెట్‌కు తెచ్చాయి. డబ్బిచ్చి పెట్టుకునే పద్ధతిలో 2011లో సియాటిల్‌లో మొదలైన రోవర్ పెద్ద సంస్థ. 2024లో బ్లాక్‌స్టోన్ దాన్ని సుమారు 230 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

పరిచయస్తుల మాటసాయం ఉన్న చోట వేదికలు గుర్తింపు తనిఖీ, సమీక్షలు, సందేశపెట్టె అనే మూడింటిని పెట్టాయి. అయితే చాలా వేదికలు తమను మధ్యవర్తులుగానే చెప్పుకుంటాయి; ఇంట్లో జరిగేదానికి బాధ్యత తమది కాదని నిబంధనల్లో రాసుకుంటాయి.

ఒంటరిగా పనిచేసేవారి భద్రత అనే ఆలోచన మాత్రం ఇంటర్నెట్ కంటే పాతది. 1986 జులైలో లండన్‌లో సూజీ లాంప్లూ అనే ఇళ్ల ఏజెంట్ ఒక కొనుగోలుదారుకు ఇల్లు చూపించడానికి వెళ్లి కనిపించకుండా పోయింది. ఆ కొనుగోలుదారు పేరు ఆమె డైరీలో 'మిస్టర్ కిప్పర్' అని ఉంది. అదే ఏడాది ఆమె తల్లిదండ్రులు స్థాపించిన ట్రస్టు ఒంటరి ఉద్యోగుల భద్రతపై బ్రిటన్‌లో పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. ఒంటరి ఉద్యోగుల రక్షణ సేవలకు 2009లో బీఎస్ 8484 అనే బ్రిటిష్ ప్రమాణం వచ్చింది. ఎక్కడికి, ఎవరి దగ్గరికి వెళ్తున్నామో, ఎప్పటికి తిరిగొస్తామో ఇంకొకరికి తెలిసి ఉండాలన్న సూత్రమే నేటి ఫోన్ యాప్‌లకూ పునాది.

గుర్తింపు తనిఖీ

వేదికలు చేసే తనిఖీల్లో స్థాయిలుంటాయి. ఈమెయిల్, ఫోన్ నంబరు ధ్రువీకరణ అన్నిటికంటే బలహీనమైనది. గుర్తింపు పత్రాన్ని ఫోటో తీసి, సెల్ఫీతో పోల్చడం దానికంటే నయం. నేర చరిత్ర తనిఖీ అన్నిటికంటే పై మెట్టు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దీన్ని 2012 డిసెంబరులో ఏర్పడిన డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్ చేస్తుంది. అక్కడి ప్రాథమిక ధ్రువపత్రంలో ఇంకా చెల్లుబాటులో ఉన్న శిక్షలే కనబడతాయి. కాలం తీరినవి కనబడవు. అమెరికాలో ఉద్యోగం కోసం ప్రైవేటు సంస్థలు చేసే తనిఖీలను 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం అదుపు చేస్తుంది. దాని ప్రకారం రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. నివేదిక కారణంగా తిరస్కరించే ముందు దాని ప్రతిని ఆ వ్యక్తికి ఇవ్వాలి. ఒకే పేరున్న ఇద్దరి రికార్డులు కలిసిపోవడం ఈ తనిఖీల్లో మామూలుగా జరిగే పొరపాటు కాబట్టి ఈ హక్కుకు విలువ ఉంది. నేర చరిత్ర లేదన్న నివేదికకు ఆ పేరు మీద రికార్డు దొరకలేదన్నదే అర్థం. మనిషి మంచివాడన్న హామీ అందులో లేదు.

చాలా వేదికల్లో తనిఖీ బరువంతా సిట్టర్ మీదే పడుతుంది. యజమాని విషయంలో బ్యాంకు కార్డు, ఈమెయిల్‌తో సరిపెట్టే చోట్లున్నాయి. ఈ లోటును సిట్టరే పూడ్చుకోవాలి. యజమాని పేరు, ఇంటి చిరునామా, పాత సిట్టర్ల సమీక్షలు ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో చూడాలి. గతంలో ఆ ఇంట్లో ఉన్న సిట్టర్‌తో మాట్లాడాలి.

సమీక్షల్లోనూ ఒక చిక్కుంది. ఎదుటివారు ఏం రాశారో చూశాక రాసే సమీక్షలో ప్రతీకార భయం ఉంటుంది. ఇల్లు మురికిగా ఉందని రాస్తే తనకూ చెడ్డ మార్కు వస్తుందని సిట్టర్ ఊరుకుంటారు. దీనికి విరుగుడుగా, ఇళ్లను అద్దెకిప్పించే వేదిక ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇద్దరి సమీక్షలూ ఒకేసారి వెలువడే పద్ధతి పెట్టింది. హౌస్ సిట్టింగ్ వేదికలూ తర్వాత ఆ దారి పట్టాయి. ఈ పద్ధతి లేని చోట, సమీక్షలో ఉన్న పొగడ్త కంటే లేని విషయాలే ఎక్కువ చెబుతాయి.

గుర్తింపు పత్రం ప్రతిని యజమానికి నేరుగా పంపకూడదు. వేదిక నియమించిన తనిఖీ సంస్థకే ఇవ్వాలి. తప్పనిసరైతే అవసరం లేని అంకెలు దాచి, ఎవరి కోసం, ఏ తేదీన, ఏ పనికి ఇచ్చారో పత్రం మీద అడ్డంగా రాసి పంపాలి. నెదర్లాండ్స్ ప్రభుత్వం పౌరుల కోసం ఇదే పని చేసే 'కోపీఐడీ' యాప్‌ను ఇచ్చింది. మన దేశంలో ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను దించుకోవచ్చు. 2018లో వచ్చిన 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా అసలు నంబరును బయట పెట్టకుండా పని జరిపిస్తుంది.

సందేశాలు, డబ్బు, మోసాలు

వేదిక లోపలి సందేశపెట్టె ఫోన్ నంబరునూ ఈమెయిల్‌నూ దాస్తుంది, మాటామంతీకి సాక్ష్యం మిగులుస్తుంది. మోసగాళ్లు మొదటి రెండు మూడు మాటల్లోనే వాట్సాప్‌కు రమ్మనడానికి కారణం ఇదే. బయటికి వెళ్లాక జరిగినదానికి వేదిక పూచీ పడదు. వాట్సాప్ సందేశాలకు 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ గుప్తీకరణ ఉంది. దానివల్ల దారిలో ఎవరూ చదవలేరు. అటువైపు ఉన్నది ఎవరో మాత్రం అది చెప్పదు.

సిట్టర్ల మీద జరిగే మోసాల్లో నకిలీ చెక్కు ఒకటి. యజమానినని చెప్పుకునే వ్యక్తి ఒప్పుకున్న మొత్తం కంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగతాది ఫలానావారికి పంపమంటాడు. అమెరికాలో చెక్కు వేసిన కొద్దిరోజుల్లోనే డబ్బు ఖాతాలో కనబడేలా చేయాలని బ్యాంకులకు నియమం ఉంది. చెక్కు నకిలీదని తేలడానికి వారాలు పట్టవచ్చు. ఈ రెండిటి మధ్య వ్యవధే మోసగాడికి పెట్టుబడి. సిట్టర్ సొంత డబ్బు వెళ్లిపోతుంది, చెక్కు మొత్తాన్ని బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది.

రెండోది లేని ఇంటికి ప్రకటన. అందమైన ఇల్లు, ముద్దొచ్చే కుక్క, ఆపైన 'బీమా' లేదా 'డిపాజిట్' పేరుతో ముందస్తు సొమ్ము. ఫోటోలను టిన్‌ఐ, గూగుల్ లెన్స్ వంటి చిత్ర శోధనల్లో వెతికితే అవి వేరే అమ్మకపు ప్రకటనలోనివని తరచూ బయటపడుతుంది. స్ట్రీట్ వ్యూ ఉన్న దేశాల్లో వీధిని చూసి ఇంటి ముఖాన్ని పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా గట్టి పరీక్ష వీడియో కాల్. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించమని అడగాలి: పడుకునే గది, తలుపు గడియలు, కెమెరాలున్న చోట్లు, జంతువు. అసలు యజమాని కాదనడు. ఇల్లే లేనివాడు ఏదో ఒక సాకు చెబుతాడు.

మన దేశంలో యూపీఐ చెల్లింపుల్లో పిన్ నొక్కేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. 'క్యూఆర్ స్కాన్ చేయండి, మీకు అడ్వాన్సు పడుతుంది' అన్నవాడు మోసగాడే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కెమెరాలు, మైకులు

ఈ రంగంలో గొడవలన్నిటికీ కేంద్రం కెమెరా. యజమానికి కుక్క మీద బెంగ, దొంగల భయం ఉంటాయి. సిట్టర్‌కు స్నానం చేసి తువ్వాలుతో హాల్లోకి రావాల్సిన అవసరం ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీ తన అద్దె ఇళ్ల లోపల కెమెరాలను 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది. హౌస్ సిట్టింగ్‌లో అలాంటి ఏకరీతి నియమం లేదు. ఒక్కో వేదిక నియమం ఒక్కోలా ఉంటుంది. ఏ నియమమైనా సిట్టర్ ముందే అడిగి రాతలో తీసుకోవలసినవి ఇవి: కెమెరాలు ఎన్ని, ఎక్కడెక్కడ, మాటలు కూడా రికార్డవుతాయా, ఎవరెవరి ఫోన్లలో కనబడతాయి, సిట్టర్ ఉన్నన్నాళ్లూ లోపలివి ఆపుతారా. పడకగదిలో, స్నానాల గదిలో కెమెరా ఉంటే బేరసారాలే అక్కర్లేదు. ఆ పని ఒప్పుకోకూడదు.

కెమెరా అన్నప్పుడు గోడమీద గుండ్రటి డబ్బానే తలచుకోకూడదు. కుక్కకు బిస్కెట్లు విసిరే ఫర్బో వంటి పెట్టె, పిల్లల మానిటర్, వీడియో డోర్‌బెల్, కొన్ని రకాల రోబో చీపురు యంత్రాలు, స్మార్ట్ డిస్‌ప్లే అన్నిటికీ కళ్లూ చెవులూ ఉంటాయి. అమెజాన్ ఎకోలో 'డ్రాప్ ఇన్' సదుపాయం తెరిచి ఉంటే, యజమాని దూరం నుంచి ఆ గదిలోకి మాట కలపగలడు. పరికరం మీద మైకు ఆపే బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కడం లేదా యజమానికి చెప్పి ప్లగ్ తీయడం తేలికైన మార్గం.

చూసేది యజమాని ఒక్కరే అనుకోవడమూ పొరపాటే. ఇంటి కెమెరాలు అమ్మే రింగ్ సంస్థ ఉద్యోగులు వినియోగదారుల వీడియోలు చూశారనీ, హ్యాకర్లు చొరబడకుండా తగిన రక్షణ పెట్టలేదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. 58 లక్షల డాలర్లతో ఆ వ్యవహారం పరిష్కారమైంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ సంస్థ లోపం వల్ల సుమారు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల కెమెరాల బొమ్మలు కనిపించాయి. అంతకుముందు 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో ఆక్రమించింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే ఉండే సులువైన పాస్‌వర్డుతో ఇంటి స్మార్ట్ పరికరాలను అమ్మడాన్ని నిషేధించింది. యజమాని మంచివాడైనా, అతని కెమెరా మంచిది కాకపోవచ్చు.

దాచిన కెమెరాలను వెతకడం

2019 మార్చిలో దక్షిణ కొరియా పోలీసులు 10 నగరాల్లోని 30 మోటళ్లలో, 42 గదుల్లో దాచిన కెమెరాలను కనుగొన్నారు. సుమారు 1,600 మంది అతిథుల దృశ్యాలు ఇంటర్నెట్‌లో ప్రసారమయ్యాయి. టీవీ పెట్టెలు, గోడ సాకెట్లు, జుట్టు ఆరబెట్టే యంత్రాల స్టాండ్లు కెమెరాలకు మాటులయ్యాయి. సిట్టర్ వెతకవలసిన చోట్లూ ఇవే: మంచానికీ స్నానాల గదికీ ఎదురుగా ఉండి, కరెంటు అందుతూ, అక్కడ ఉండవలసిన పని లేని వస్తువు ఏదైనా. పొగ సైరన్, గడియారం, ఛార్జర్ ముందు వరుసలో ఉంటాయి.

వెతికే పద్ధతుల్లో దేని హద్దు దానికి ఉంది.

కాంతి పద్ధతి: గది చీకటి చేసి, టార్చిని కంటి పక్కనే పట్టుకుని నెమ్మదిగా తిప్పితే కటకం చిన్న చుక్కలా మెరుస్తుంది. ఖర్చు లేనిది, కానీ గాజు, మేకులు, మరలు కూడా మెరుస్తాయి.

పరారుణ పద్ధతి: చీకట్లో చూసే కెమెరాలు పరారుణ దీపాలు వాడతాయి. చాలా ఫోన్ల ముందు కెమెరా ఆ కాంతిని పట్టగలదు. టీవీ రిమోట్ నొక్కి చూస్తే మీ ఫోన్ పట్టగలదో లేదో తెలుస్తుంది. రాత్రిపూట పనిచేయని కెమెరాలు దీనికి దొరకవు.

రేడియో డిటెక్టర్: వైర్‌లెస్ సంకేతాలను పసిగడుతుంది. మెమరీ కార్డులోకి మాత్రమే రికార్డు చేసే కెమెరా దీనికి కనబడదు. పక్కింటి వైఫైకి మాత్రం ఇది గగ్గోలు పెడుతుంది.

నెట్‌వర్క్ స్కాన్: ఫింగ్ వంటి యాప్ ఒకే వైఫై మీద ఉన్న పరికరాల జాబితా, తయారీదారు పేరు చూపుతుంది. అయితే సిట్టర్‌కు ఇచ్చింది గెస్ట్ నెట్‌వర్క్ అయితే మిగతా పరికరాలు అందులో కనబడవు. జాబితా ఖాళీగా ఉన్నంత మాత్రాన ఇంట్లో కెమెరాలు లేవని కాదు.

సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, కొరియాలోని యోన్‌సే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో మరో పద్ధతి చూపారు. కొన్ని ఫోన్లలో దూరం కొలిచే లేజర్ సెన్సర్ ఉంటుంది. కటకం నుంచి తిరిగొచ్చే కాంతి తీరును దానితో గుర్తిస్తే 88.9 శాతం కెమెరాలు దొరికాయి. ఉత్త కంటితో వెతికినవారికి 46 శాతమే దొరికాయి.

కెమెరా దొరికితే దాన్ని పీకడం, విరగ్గొట్టడం సాక్ష్యాన్ని చెరపడమే. ఉన్నచోటనే ఫోటో, వీడియో తీసి, ఆ గది విడిచి, పోలీసులకూ ఆ తర్వాత వేదికకూ చెప్పాలి. మొదటి ఫోన్ యజమానికి వెళ్తే అతడు దూరం నుంచే రికార్డులు తుడిచేయగలడు.

వైఫై, ఖాతాలు, తాళాలు

యజమాని రూటర్ ఏ పరికరం ఎప్పుడు కలిసిందో, చాలాసార్లు ఏ వెబ్‌సైట్లకు వెళ్లిందో నమోదు చేయగలదు. బ్యాంకు, మెయిల్ వంటి సైట్లు హెచ్‌టీటీపీఎస్ వాడతాయి కాబట్టి లోపలి విషయం కనబడదు. సైటు పేరు కనబడవచ్చు. వీపీఎన్ వాడితే ఆ పేరు కూడా దాగుతుంది, కానీ అప్పుడు నమ్మకం వీపీఎన్ సంస్థ మీద పెట్టినట్టు. డబ్బు లావాదేవీలకు సొంత మొబైల్ డేటానే వాడితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. యజమాని కంప్యూటర్‌లో సొంత ఖాతాలు తెరవకపోవడం, టీవీలో పెట్టిన నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ లాగిన్లను వెళ్లేముందు తీసేయడం ఎక్కువమంది మరిచిపోయే పనులు.

స్మార్ట్ తాళాల్లో ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇవ్వవచ్చు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేసేలా పెట్టవచ్చు. ఇది ఇద్దరికీ రక్ష. పని ముగిశాక ఏదైనా పోతే, ఆ కోడ్ అప్పటికే చెల్లదని సిట్టర్ చూపగలరు. అయితే ప్రతి రాకపోకా యజమాని ఫోన్‌లో పడుతుంది. ఇంకా ఎవరెవరి దగ్గర తాళాలు, కోడ్‌లు ఉన్నాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న: పనిమనిషి, పక్కింటివారు, విడిపోయిన భార్య లేదా భర్త, పాత సిట్టర్. రాత్రి పడుకునేటప్పుడు లోపలి నుంచి వేసుకునే గడియ, అది లేకపోతే తలుపు కింద దూర్చే రబ్బరు ముక్క ఏ యాప్ కన్నా నమ్మకమైనవి. ప్రయాణాల్లో వాడే చవక తలుపు అలారాలూ దొరుకుతాయి.

స్థాన సమాచారం, ఆపద సంకేతాలు

నమ్మకస్తుడైన ఒకరికి చిరునామా, యజమాని పేరు, తేదీలు ఇచ్చి వెళ్లడం మొదటి మెట్టు. ఆపైన గూగుల్ మ్యాప్స్, వాట్సాప్‌లలో 2017లో వచ్చిన లైవ్ లొకేషన్ ఉంది. గడువు పెట్టి పంచుకోవచ్చు. ఐఫోన్‌లో 2023లో వచ్చిన 'చెక్ ఇన్' అనుకున్న వేళకు గమ్యం చేరకపోతే ఎంచుకున్నవారికి తనంతట తానే కబురు పంపుతుంది. కుటుంబ భద్రత కోసమని పేరుపడ్డ లైఫ్360 యాప్ వినియోగదారుల స్థాన సమాచారాన్ని వ్యాపారులకు అమ్ముతోందని 2021లో 'ది మార్కప్' పత్రిక బయటపెట్టింది. రక్షణ కోసం ఇచ్చిన సమాచారం కూడా చేతులు మారుతుందనడానికి ఇది నిదర్శనం.

సిట్టర్‌కు తెలియకుండా సిట్టర్ స్థానం బయటికి పోయే దారులూ ఉన్నాయి. కుక్క మెడకు ట్రాక్టివ్ వంటి జీపీఎస్ పట్టీ ఉంటే, నడకకు తీసుకెళ్లిన దారీ వేళా యజమానికి తెలుస్తాయి. ఇంటి తాళాలకు ఎయిర్‌ట్యాగ్ అనే ట్రాకర్ తగిలించి ఉండవచ్చు. 2024 మే నుంచి ఆపిల్, గూగుల్ ఉమ్మడి ప్రమాణం ప్రకారం, తెలియని ట్రాకర్ మనతోపాటు కదులుతుంటే ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ హెచ్చరిస్తాయి. తాళాలకు ట్రాకర్ ఉండటం తప్పేమీ కాదు, అది ఉందని చెప్పకపోవడమే తప్పు.

అత్యవసర నంబర్లు దేశానికొక తీరు: బ్రిటన్‌లో 999, అమెరికా, కెనడాల్లో 911, ఆస్ట్రేలియాలో 000, ఐరోపాలోనూ భారతదేశంలోనూ 112. ఫోన్ చేసినప్పుడు చిరునామా చెప్పలేక తడబడటం పరాయి ఇంట్లో సహజం. దాన్ని కాగితం మీద రాసి తలుపు దగ్గర అంటించుకోవాలి. పల్లెల్లో చిరునామా దొరకని చోట మూడు మాటలతో 3 మీటర్ల చదరాన్ని చెప్పే వాట్‌త్రీవర్డ్స్ బ్రిటన్‌లోని అత్యవసర సేవలకు తెలుసు.

నేరాల కంటే ఇంటి సామాన్లే కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదకరం. చలిదేశాల్లో ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు, కట్టెల పొయ్యిలు చెడిపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. మంటలతో సంబంధం లేని ఈ విషవాయు ప్రమాదాల్లో అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. తెలుగు ఊళ్ల నుంచి వెళ్లినవారికి ఈ పొయ్యిలు కొత్త. సంచిలో పట్టే బ్యాటరీ అలారం ఒకటి వెంట ఉంచుకోవడం, గ్యాస్, నీళ్లు, కరెంటు కట్టేసే చోట్లు మొదటి రోజే చూసుకోవడం మంచిది.

చట్టాలు

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలైన జీడీపీఆర్ సొంత ఇంటి అవసరాలకు మినహాయింపు ఇస్తుంది. వీధిని కూడా చిత్రించే ఇంటి కెమెరాకు ఆ మినహాయింపు లేదని ఐరోపా న్యాయస్థానం 2014లోనే, పాత చట్టం కింద, చెక్ దేశపు కేసులో తేల్చింది. 2021లో ఆక్స్‌ఫర్డ్ కోర్టు ఒక ఇంటి డోర్‌బెల్ కెమెరాల కేసులో, దృశ్యం కన్నా దూరంలోని మాటలు పట్టడమే ఎక్కువ అభ్యంతరకరమంది. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఏకాంత సంభాషణ రికార్డు చేయాలంటే అందులో ఉన్నవారందరి అనుమతీ కావాలి. శబ్దం పట్టే కెమెరా విషయంలో ఈ తేడా కీలకం.

భారతదేశంలో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించింది. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఒకరి శరీరపు ఆంతరంగిక భాగాలను చిత్రిస్తే 3 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడటం, చిత్రించడం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి ఏడాది నుంచి 3 ఏళ్ల జైలు. వేదికలు సేకరించే వివరాలకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది.

సరిహద్దు దాటే సిట్టర్‌కు వీసా చిక్కు కూడా ఉంది. డబ్బు తీసుకోకపోయినా, బసకు బదులుగా చేసే పనిని కొన్ని దేశాల అధికారులు ఉద్యోగంగానే లెక్కిస్తారు. 2022లో కెనడాలో ఇల్లు చూసుకోవడానికి బయల్దేరిన ఒక ఆస్ట్రేలియా మహిళను విమానం మారే లాస్ ఏంజెలెస్ నుంచే అమెరికా అధికారులు వెనక్కి పంపారు. పర్యాటక వీసాతో ఈ పనికి వెళ్లే ముందు ఆ దేశపు నియమం చదవడం భద్రతలో భాగమే.

యజమాని గోప్యత

సిట్టర్ కూడా యజమాని రహస్యాలకు కాపరే. ఇంటి ఫోటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో అప్పటికప్పుడు పెట్టడం అంటే ఇంటివాళ్లు లేరని చాటడం. ఫోన్ ఫోటోల్లో తీసిన చోటు గుర్తులు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉండిపోతాయి. యజమానులు తాళం వేసుకోదలచిన గదిని ముందే చెప్పడం, పని ముగిశాక అలారం కోడ్‌నూ వైఫై పాస్‌వర్డునూ మార్చడం, సిట్టర్ తన దగ్గరున్న చిరునామా, కోడ్‌ల సందేశాలను చెరిపేయడం రెండు వైపులా పాటించవలసిన మర్యాద.

తెలుగు రాష్ట్రాల్లో

తెలుగు ఇళ్లలో ఈ పని ఇంకా ఎక్కువగా మాటసాయమే. సంక్రాంతికో పెళ్లికో ఊరెళ్తే తమ్ముడినో తోడల్లుడినో రాత్రిళ్లు వచ్చి పడుకోమనడం, పక్కింట్లో తాళాలివ్వడం ఆనవాయితీ. హైదరాబాద్ పోలీసులు ప్రతి పండుగ ముందూ ఊరెళ్లేవారు ఠాణాలో చెప్పి వెళ్లమని కోరుతుంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్ఎంఎస్ అనే ఏర్పాటు చేశారు. యాప్‌లో కోరితే పోలీసులు ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూమ్‌కు సంకేతం అందుతుంది. మనిషి చేసే కాపలాను యంత్రానికి అప్పగించే పద్ధతి ఇది. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి సిట్టర్ గోప్యత అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు.

ప్రవాసుల ఇళ్ల విషయం వేరు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ హైదరాబాద్ ఫ్లాట్‌ను ఫోన్‌లో చూసుకునే కుటుంబాలు, ఆ ఫ్లాట్‌లో ఉండే బంధువుకు హాల్లోని కెమెరా సంగతి చెప్పాలన్న ఆలోచనే చేయకపోవచ్చు. చుట్టరికం ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. బంధువును అడగడానికి మొహమాటపడేవారు ఎక్కువ కాబట్టి చెప్పే బాధ్యత ఇంటివారిదే.

పరిమితులు

ఈ సాధనాలన్నిటికీ ఉమ్మడి లోపం ఒకటుంది: అవి ఎక్కువగా యజమానుల సొమ్ముతో, యజమానుల భయాలకు తగ్గట్టు తయారయ్యాయి. కెమెరా కొన్నవాడి ఫోన్‌కే అది జవాబు చెబుతుంది. డిటెక్టర్లు, స్కానర్లు ఈ అసమానతను కొంత తగ్గిస్తాయి గానీ తొలగించవు. వాటి చేత చిక్కని కెమెరాలు ఎప్పుడూ ఉంటాయి. వేదికలు యజమానులనూ సిట్టర్లంత గట్టిగా తనిఖీ చేయడం, ఇంటి లోపలి పరికరాల జాబితాను ప్రకటనలో తప్పనిసరి చేయడం, ఫిర్యాదు వచ్చిన రాత్రే వేరే బస చూపడం అనే మూడు మార్పులు ఏ పరికరమూ ఇవ్వలేని రక్షణ ఇస్తాయి. అప్పటిదాకా సిట్టర్‌కు మిగిలిన ఆయుధం ఒప్పుకోకముందు అడిగే ప్రశ్న. సమాధానం రాతలో ఇవ్వడానికి యజమాని తటపటాయిస్తే, ఆ ఇంటికి వెళ్లకపోవడమే తెలివి.